ఇప్పపువ్వు పడని కుక్క

కుక్కలకు ఎలర్జీ ఏంటండీ అని నవ్వని మనిషిని నేను ఖమ్మంలో ఇంతవరకు చూడలేదు. మా ఇంటి ఓనరు నవ్వాడు, కూరగాయల బండి ఆమె నవ్వింది. మా సొంత అక్క ఎర్రుపాలెం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "ఏమే, నీ కుక్కల గజ్జి ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతుంది. గజ్జి కాదు మహాతల్లీ అని ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పుకొస్తాను. గజ్జి పురుగు వల్ల వస్తుంది, పక్కదానికి అంటుకుంటుంది. ఇది అంటుకునేది కాదు. మనలో కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు. అలాగే కుక్కకో పిల్లికో గాలిలో ఉన్నదేదో పడదు. మనిషికైతే తుమ్ములొస్తాయి, కుక్కకు చర్మం మీదికి తన్నుకొస్తుంది. పాదాలు నాకి నాకి ఎర్రగా చేసుకుంటుంది, చెవులు చీము కారేదాకా గోక్కుంటుంది, పొట్ట కింద వెంట్రుక నిలవదు. నేను పశువుల డాక్టర్ని. ఈ దురద మీదే ఏళ్లుగా పరిశోధన చేస్తున్నాను.

ఇప్పుడు అడవి వైపు ఇప్పపూలు రాలే రోజులు. నేను ఖమ్మంలో నా అద్దె ఇంట్లో ఒక కుక్క మీద బెంగ పెట్టుకుని కూర్చున్నాను. ఇంత వయసొచ్చి, ఇంత చదువు చదివి, వేరేవాళ్ల కుక్క మీద. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

వారంలో ఒకరోజు భద్రాచలంలో ఒక క్లినిక్‌కి వెళ్తాను. మిగతా రోజులు ఖమ్మంలోనే. ఖమ్మంలో నా దగ్గరికి వచ్చేవన్నీ సోఫాల మీద పడుకునే లాబ్రడార్లు, ఏసీ గదుల్లో పెరిగే పిల్లులు. వాటికి ఎక్కువగా పడనిది ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగు. వాళ్లందరికీ ఒకటే కోరిక, ఒక్క ఇంజెక్షన్‌తో తగ్గిపోవాలి. స్టిరాయిడ్ వేస్తే తగ్గుతుంది, ఎందుకు తగ్గదు? నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. వేస్తూ పోతే కుక్క లావెక్కి, నీళ్లు తాగి తాగి మూలన పడి ఉంటుంది. అది కాదండీ, అసలు ఏది పడదో కనిపెట్టి, దానికే ఒంటిని అలవాటు చేసే వైద్యం ఒకటుంది, నెలల తరబడి ఓపిక పట్టాలి అంటే ముఖాలు మాడ్చుకుంటారు. ఇంకో డాక్టరు దగ్గరికి పోయి ఇంజెక్షన్ వేయిస్తారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

నేను బెంగ పెట్టుకున్న కుక్క ఒక అవ్వది. ఆ అవ్వ అలా కాదు. భద్రాచలం క్లినిక్‌కి మొదటిసారి వచ్చినరోజు, చర్ల అవతలి అడవి ఊరి నుంచి మిర్చి బస్తాల ట్రాలీ ఆటోలో కుక్కను ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ఎర్రమట్టి రంగు ఆడకుక్క. చెవులు రెండూ పుండ్లు పడి మూసుకుపోయాయి, కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. దాన్ని బల్ల మీదికి ఎక్కించి, రాసుకోవడానికి పేరు అడిగాను.

"కుక్కకు పేరేంది? పిలిస్తే వస్తది," అంది అవ్వ.

"ఏమని పిలుస్తావు మరి?"

అవ్వ నాలుకతో అంగిట్లో ఒక చప్పుడు చేసింది. అంత నీరసంలోనూ కుక్క తోక ఆడింది. దానితో ఏం మాట్లాడినా అవ్వ కోయలోనే మాట్లాడేది. తెలుగు మా కోసం దాచిపెట్టుకున్న భాష.

ఎప్పట్నుంచి గోక్కుంటోందని అడిగాను. ఇప్ప రాలే రోజుల్లో మొదలవుతుంది, రాలడం ఆగిపోయాక నెమ్మదిగా తగ్గుతుంది, ఏటికేడు ముదురుతోంది అని చెప్పింది. తగ్గకపోతే ఏమవుతుందో కూడా ఆమే చెప్పింది.

"చెట్టు కింద వంగి పువ్వు ఏరుతుంటే పక్కకు ఏమొచ్చిందో కనపడదు బిడ్డా. గుడ్డెలుగు గూడ గా పువ్వుకే వస్తది. మాకెంత పానమో దానికీ అంతే. ఇది ముందుగాల పసిగట్టి మొరుగుతది, నేను లేసి నిలవడ్త. ఈసారి ఇది లేవనే లేదు. నేనొక్కదాన్నే పోయిన."

"ఎలుగుబంటి అంటే భయమేయలేదా?"

"ఎందుకెయ్యదు? ఎనక్కి చూస్కుంటనే ఏరిన."

కొడుకు ఆ రోజుల్లో మిర్చి కోతకు పోతాడు. కోడలు ఆశా వర్కర్, పొద్దున్నే ఊళ్ల మీద తిరగాలి. అవ్వకు తెల్లవారుజామున చెట్ల కిందికి తోడు వచ్చేది ఆ కుక్కే. అది పూల కాలంలో లేచి నిలబడగలిగితే అవ్వకు ధైర్యం, లేకపోతే లేదు. ఆరోజు నా చేతికి వచ్చిన పని అదీ.

పుండ్లు మానాక దాన్ని మళ్లీ రప్పించి పరీక్ష చేశాను. పక్కటెముకల మీద వెంట్రుకలు తీసేసి, చర్మంలోకి చుక్క చుక్కగా రకరకాల రసాలు ఎక్కిస్తాం. ఇంటి దుమ్ము, వయ్యారిభామ, గడ్డి పుప్పొడి, ఇంకా ఎన్నో. ఏది పడదో అక్కడ దద్దురు లేస్తుంది. అవ్వ చెప్పింది కదా అని ఇప్ప పుప్పొడి రసం కూడా తయారుచేసి పెట్టుకున్నాను. అన్నీ ఊరుకున్నాయి, ఇప్ప ఎక్కించిన చోట మాత్రం శనగబద్దంత దద్దురు లేచి నిలబడింది. నాకు నిజంగా సంతోషం వేసింది. అవ్వకు వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ దద్దురును తడిమి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"ఇప్పపువ్వు పడదా? మా అడవిల పుట్టి, ఇప్పపువ్వు పడదా?"

నేను వైద్యం వివరించాను. ఏ పుప్పొడి పడదో దాన్నే చాలా పల్చగా కలిపి, రోజూ నాలుక కింద చుక్కలు వేయాలి. సీసా అయిపోతే కొంచెం చిక్కటి సీసా, అదీ అయిపోతే ఇంకా చిక్కటిది. ఒంటికి దానితో పరిచయం పెరిగి, పోనీలే అని ఊరుకోవడం నేర్చుకుంటుంది. అన్ని కుక్కలకూ పనిచేస్తుందని చెప్పలేను. అవ్వ అంతా విని, "అలవాటు జేస్తున్నవన్నట్టు," అంది. నా పరిశోధన మొత్తం ఆ ఒక్క ముక్కలో అయిపోయింది.

చుక్కలు వేసే పని కోడలు తీసుకుంది. ఊళ్లో పిల్లలకు పోలియో చుక్కలు వేసే చెయ్యి, ఇంకేం కావాలి? ఫ్రిజ్ లేని ఇంట్లో కూడా పాడవకుండా మందు గ్లిజరిన్‌లో కలిపాను. అవ్వకు చదువు రాదు కదా, వేరే మందుతో కలిసిపోకూడదని ప్రతి సీసా మీదా ఇప్పపువ్వు బొమ్మ వేసి అతికించాను. బొమ్మ బాగా కుదిరిందని నేనే మురిసిపోయాను కూడా.

వానాకాలం, చలికాలం అంతా బాగా నడిచింది. కోడలు ఫోన్‌లో ఫొటోలు పంపేది. మాఘం వెళ్లేటప్పటికి చిక్కటి సీసా కూడా పంపించి, ఇక ఇప్ప రాలే రోజుల కోసం కళ్లల్లో వత్తులేసుకుని చూస్తూ కూర్చున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం కోడలి ఫోన్ వచ్చింది. వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఉండదు, గుట్ట ఎక్కితేనే దొరుకుతుంది. ఆ పిల్ల ఆయాసపడుతోంది.

"మేడమ్, చుక్కలేసినంక మూతి మొత్తం వాసింది. ఒళ్లంత దద్దుర్లు. కక్కింది. నిలబడ్తలేదు."

ఆ పిల్ల దగ్గరున్న దద్దుర్ల మాత్ర ఎంత వేయాలో చెప్పి, బండి మీద చర్ల పశువుల దవాఖానాకు జల్దీ తీసుకుపొమ్మన్నాను. అక్కడి డాక్టరుకు ఫోన్ చేసి ఏ ఇంజెక్షన్ వేయాలో చెప్పాను. కుక్క తేరుకుందని తెలిసేదాకా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. తేరుకుందని తెలిశాక నాకు కోపం వచ్చింది. నిన్నటిదాకా ఏమీ కానిది ఇవాళ ఎందుకయింది? గుచ్చి గుచ్చి అడిగితే, కొన్ని వారాలుగా చుక్కలు వేయడమే మానేశారని, ఆరోజే మళ్లీ మొదలుపెట్టారని తేలింది. అన్ని రోజులు ఆగాక పల్చటి సీసా నుంచి రావాలి. వీళ్లు చిక్కటిది వేశారు.

"ఎందుకు ఆపారు? నన్నొక మాట అడగొద్దా? ఇన్ని నెలల కష్టం," అని ఫోన్‌లో అరిచాను.

కోడలు మెల్లగా చెప్పింది. "మేడమ్, అందులో ఉన్నది ఇప్పపువ్వని మీరే చెప్పిన్రు గద. సీసా మీద బొమ్మ గూడ ఉండె. కొత్త పువ్వు రాలబట్టినంక, పండుగ జేసి తల్లికి పెట్టేదాక మేం ఎవ్వరం నోట్ల పెట్టం. ఏరుతం, ఎండబెడ్తం, అంతే. ఇదీ మా ఇంటి మనిషే గద మేడమ్. దీనికొక్కదానికి ఎట్ల పెడ్తం? ఈసారి ఊళ్లె ఒకాయన సచ్చిపోయిండు, పండుగ ఎనక్కి పోయింది. నిన్ననే అయింది. పండుగ గద, ఇన్ని దినాలు ఆగింది గద అని అత్త ఇంకిన్ని చుక్కలు ఎక్కువెయ్యమన్నది."

మందు మరిచిపోతే ఏం చేయాలో, కుక్క కక్కేస్తే ఏం చేయాలో, యజమాని ఊరెళితే ఏం చేయాలో, అన్నీ నేను చదివాను. కుక్క కూడా ఇంటి ఆచారం పాటించాల్సి వస్తే ఏం చేయాలో ఎక్కడా చదవలేదు. వాళ్లది నిర్లక్ష్యం అయితే తిట్టి ఊరుకునేదాన్ని. అది ప్రేమ. ప్రేమను ఏమని తిడతాం?

చెట్ల నిండా పూలు, ఆ కుక్క ఒంటి నిండా దద్దుర్లు. ఆ కాలం గడిచేదాకా దాన్ని అక్కడ ఉంచడం కుదరదు. నా దగ్గర ఉంచుకుంటానన్నాను. అవ్వ భద్రాచలం తెచ్చి ఇచ్చింది. తాడు నా చేతిలో పెట్టి, కుక్క ముందు కూర్చుని కోయలో చాలాసేపు ఏదో చెప్పింది. ఆ తర్వాత లేచి బస్టాండు వైపు పోయింది, వెనక్కి తిరగలేదు. ఈ ఏడూ తను ఒంటరిగానే పోవాలని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఖమ్మంలో మొదటి రోజులు ఆ కుక్కతో నా తల ప్రాణం తోకకొచ్చింది. అన్నం పెడితే వాసన చూసి వదిలేసేది. రా అంటే వచ్చేది కాదు, పో అంటే పోయేది కాదు, దానికి తెలుగు రాదు మరి. అవ్వ చేసే నాలుక చప్పుడు అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేశాను. మా ఓనరు కిటికీలోంచి చూసి, ఒంట్లో బాగుందా మేడమ్ అని అడిగాడు. కోడలిని అడిగి కోయలో రెండు మూడు మాటలు నేర్చుకున్నాను. నేను ఆ మాట అనగానే కుక్క తల పక్కకు వంచి, ఈవిడెవరో మా భాషను ఖూనీ చేస్తోందే అన్నట్టు చూసేది. ఒకరోజు మాత్రం లేచి వచ్చి నా పాదాల మీద గడ్డం ఆన్చి పడుకుంది. నేను వంటింట్లో కూరకు తాలింపు వేస్తున్నాను. స్టవ్ కట్టేసి, కదిలితే లేచిపోతుందేమోనని అలాగే నిలబడ్డాను. కూర సగంలోనే ఆగిపోయింది.

రోజూ చెట్ల నుంచి వచ్చాక అవ్వ గుట్ట ఎక్కి కోడలి ఫోన్‌తో చేసేది. ఆ ఫోన్ వస్తే అవ్వ క్షేమంగా తిరిగి వచ్చినట్టు. అది మోగేదాకా నాకు కాఫీ కూడా దిగేది కాదు. స్పీకర్ పెట్టేదాన్ని. అవ్వ గొంతు వినగానే కుక్క చెవులు నిక్కబొడుచుకుని లేచేది, ఫోన్‌ను కాదు, గుమ్మాన్ని చూసేది. పోయి తలుపుకు ముక్కు ఆనించి నిలబడేది. ఫోన్ అయిపోయినా కదిలేది కాదు. చెవులు శుభ్రంగా మానాయి, పొట్ట కింద వెంట్రుక వచ్చింది, నా అన్నం తింటోంది, నా మంచం పక్కనే పడుకుంటోంది. అయినా అది ఎదురుచూసేది నా కోసం కాదు. దాన్ని చూస్తుంటే జాలేసేది. దానికంటే నా మీద నాకే ఎక్కువ జాలేసేది.

ఇప్ప రాలడం అయిపోయాక భద్రాచలం తీసుకెళ్లి అప్పజెప్పాను. ఇంటికొస్తే గది నిండా ఎర్ర వెంట్రుకలు. ఊడవబుద్ధి కాలేదు. వైద్యం మళ్లీ పల్చటి సీసా నుంచి మొదలుపెట్టాలి. ఈసారి ఫోన్‌లో ముందే అడిగాను.

"అవ్వా, పండుగ అయ్యాక ఏరిన పువ్వుతో చేస్తే, ఎప్పుడైనా పెట్టొచ్చా? వచ్చే ఏడు కొత్త పువ్వు రాలేటప్పుడు కూడా?"

"పాత పువ్వుకేంది? అది తల్లి తిన్నదే గద. పెట్టొచ్చు."

ఆ ఏడు పండుగ దాటాక ఏరి ఎండబెట్టిన పువ్వునే కోడలు బస్సు పార్సిల్‌లో పంపింది. దాని పుప్పొడి తీసి దాచి, ఆ ఏటికంతా అందులోంచే మందు చేశాను. మా పరిశోధన రిపోర్టులో దీన్ని ఏమని రాయాలో ఇంకా తేల్చుకోలేదు. బొమ్మ మాత్రం అదే వేశాను, కొత్త పువ్వు రాలేటప్పుడు ఇది "నిరుటిది" అని అవ్వకు కోడలి చేత చెప్పించాను.

మధ్యలో కుక్కను చూపించడానికి తెచ్చినప్పుడల్లా బాగవుతోందని సంతోషపడేదాన్ని. ఆ వెంటనే, బాగైతే పూల కాలంలో ఇక నా దగ్గరికి రాదు కదా అని గుండె కలుక్కుమనేది. రెండూ ఒకే మనిషికి ఎలా అనిపిస్తాయో నాకు తెలియదు. అనిపించాయి.

పోయిన వారం చూసి రావడానికి వెళ్లాను. చర్ల దాటాక రోడ్డు అన్నది పేరుకే. పోలీసు క్యాంపు దగ్గర జీపు ఆపి, ఎక్కడికి, ఏం పని అని అడిగారు. కుక్క చర్మం చూడ్డానికి అన్నాను. ఆ కానిస్టేబుల్ కూడా నవ్వాడు. రాత్రి అవ్వ ఇంట్లోనే పడుకుని, తెల్లవారుతుండగా అవ్వ, కుక్క ఇద్దరి వెనక చెట్ల దగ్గరికి నడిచాను. పండుగ ఇంకా కాలేదు, చుక్కలు మాత్రం రోజూ పడుతూనే ఉన్నాయట.

నేలంతా పూలు. ఊపిరి పీలిస్తే తియ్యగా గొంతులో అడ్డం పడే వాసన. కుక్క ఆ పూల మధ్యే తిరుగుతోంది. నేను దాని చెవులనే చూస్తున్నాను, ఇప్పుడు తల విదిలిస్తుందా, ఇప్పుడు గోక్కుంటుందా అని. అవ్వ వంగి ఏరుకుంటోంది, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. కాసేపటికి కుక్క ఆగి, పొదల వైపు తిరిగి మొరిగింది. అవ్వ నిటారుగా లేచి నిలబడింది. పొదల్లో ఏదో బరువుగా కదిలి, ఎండుటాకుల మీదుగా దూరం పోయిన చప్పుడు. కుక్క ఇంకాసేపు అటే చూసి ఊరుకుంది. అవ్వ మళ్లీ వంగింది.

వెలుతురు వచ్చాక దాన్ని పట్టుకుని ఒళ్లంతా చూశాను. చెవులు శుభ్రంగా ఉన్నాయి. పొట్ట కింద చర్మం మామూలు రంగులో ఉంది. ఒక ముందరి పాదం మాత్రం నాకి కాస్త ఎర్రగా చేసుకుంది, అంతే. చూడటం అయిపోయినా దాని మెడ మీంచి చెయ్యి తీయలేదని, అవ్వ నన్నే చూస్తోందని అప్పుడు గమనించాను.

"ఏమంటవ్ డాక్టరమ్మా? పువ్వు అయిపోయేదాక మళ్ల నీ దగ్గరికి పంపాల్నా? నువ్ పంపమంటే పంపుత."

అవ్వ మనస్ఫూర్తిగానే అడిగింది. నేను డాక్టర్ని, నేను ఏది చెబితే అది చేస్తుంది. పాదం ఎర్రగా ఉంది అవ్వా, ఈ ఒక్క ఏడూ చూద్దాం అంటే చాలు, సాయంత్రానికి కుక్క జీపులో నా పక్కన ఉంటుంది. అందులో అబద్ధం కూడా లేదు. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా.

"వద్దవ్వా," అన్నాను. "దానికి బాగైంది. ఇక్కడే ఉండనీ."

అవ్వ బుట్ట ఎత్తుకుని ఇంకో చెట్టు కిందికి నడిచింది. కుక్క నా చేతిలోంచి మెడ విడిపించుకుని ఆమె వెనకే పోయింది.